ఖాళీలో అమ్మ పేరు

ఆఫీసులో ఆమెకు అతుకులమ్మ అని పేరు పెట్టారు. పెట్టినవాడు పక్క బల్ల దగ్గర కూర్చునే సహోద్యోగి. వాడికి పని తక్కువ, నోరు ఎక్కువ. అయినా ఆ పేరులో అబద్ధమేమీ లేదు కాబట్టి ఆమె దెబ్బలాడలేదు. ఒక పెద్ద ఆసుపత్రి వెబ్‌సైటు నుంచి జనం ఫోన్లకు వెళ్ళే సందేశాలను జావాస్క్రిప్ట్ అనే కంప్యూటరు భాషలో ముక్క ముక్కగా అతికించి వాక్యాలు కట్టడమే ఆమె ఉద్యోగం.

వాక్యాలు కట్టడమంటే కవిత్వం అనుకునేరు, అంత భాగ్యం కూడానా. సగం వాక్యం ముందే రాసి పెట్టుకోవాలి, మిగతా సగానికి ఖాళీలు వదలాలి. ఖాళీ ఉన్నచోట ఒక డాలరు గుర్తు, దాని పక్కన మెలితిరిగిన మీసాల్లాంటి రెండు బ్రాకెట్లు, వాటి మధ్య 'పేరు' అనో 'గది' అనో ఒక మాట. ఎవరైనా ఆసుపత్రిలో చేరగానే వాళ్ళ వివరాలు వచ్చి ఆ మీసాల మధ్య కూర్చుంటాయి. వాక్యం పూర్తవుతుంది, ఎక్కడో ఎవరి ఫోనో మోగుతుంది. చదివేవాళ్ళకు మాత్రం ఎవరో మనిషి కూర్చుని తమకోసమే రాసినట్టుండాలి, అతుకు కనిపించకూడదు. ఆ పట్టుదల ఆమెకు వాళ్ళమ్మ నుంచి వచ్చింది. అమ్మ దర్జీ. ఇప్పటికీ ఇంట్లో మిషను ముందు కూర్చుని బట్టలు కుడుతుంది, కుట్టు పైకి కనిపిస్తే విప్పేసి మళ్ళీ కుడుతుంది.

జావాస్క్రిప్ట్‌కు ఒక పాడు అలవాటుంది. ఖాళీలో పెట్టడానికి ఏమీ దొరక్కపోతే నోరు మూసుకుని ఊరుకోదు. తగుదునమ్మా అంటూ 'అన్‌డిఫైన్డ్', అంటే ఇదేమిటో నాకు తెలీదు, అనే మాట తెచ్చి అక్కడ కూర్చోబెడుతుంది. సైటు కొత్తలో ఒక ఇంటికి 'అన్‌డిఫైన్డ్ గారికి జ్వరం తగ్గింది' అని సందేశం వెళ్ళింది. ఆసుపత్రి మేనేజరు ఫోన్ చేసి, "ఈ అన్‌డిఫైన్డ్ గారెవరండీ, అన్ని వార్డులూ వెతికించాను, కనపడ్డం లేదు," అన్నాడు. ఆఫీసంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. అతుకులమ్మకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

అప్పుడు చేసింది ఆ పని. వివరాలు రాకపోయినా వాక్యం బోసిగా కనపడకుండా ఒక నమూనా మనిషిని తయారుచేసి పెట్టింది. పేరు లేకపోతే ఆ నమూనా మనిషి వచ్చి ఖాళీలో కూర్చోవాలి. పరీక్షించేటప్పుడు తెర మీద నిండుగా ఉంటే చాలు, తర్వాత తీసేద్దామనుకుంది. ఏ పేరు పెట్టాలా అని ఆలోచించనైనా లేదు. చేతికి అమ్మ పేరు వచ్చింది, ఇంటిపేరుతో సహా కొట్టింది. బంధువుల నంబరు అన్నచోట తన ఫోను నంబరు పెట్టింది, ఎందుకంటే ఆమెకు కంఠతా వచ్చిన నంబరు అదొక్కటే. పరీక్షల్లో సందేశాలు బయటికి పోవు, తెర మీదే ఆగిపోతాయి. అలా అమ్మ ఆ తెర మీద బోలెడుసార్లు ఆసుపత్రిలో చేరింది, బోలెడుసార్లు ఇంటికి వచ్చేసింది, అమ్మకు చీమ కుట్టినట్టైనా లేదు. ఆ తర్వాత ఆ మార్పు సైటులోకి వెళ్ళిపోయింది, ఇంకో పని మీద పడింది, నమూనా మనిషి సంగతి ఆమె బుర్రలోంచి పూర్తిగా జారిపోయింది.

ఒక మధ్యాహ్నం ఆమె టీ కప్పు పట్టుకుని సహోద్యోగి చెప్పే సోది వింటూ ఉంది. బల్ల మీద ఫోను గుర్రుమంది. యథాలాపంగా చూసింది. ముందు అమ్మ పేరు ఉంది. దాని వెనకాల, 'గారిని మా అత్యవసర విభాగంలో చేర్చారు. వారికి మీ అవసరం ఉంది. దయచేసి వెంటనే రండి,' అని ఉంది.

ఆ వాక్యం కట్టింది తనే. 'వారికి మీ అవసరం ఉంది' అన్న ముక్క ఎందుకని మేనేజరు విసుక్కుంటే, పట్టుబట్టి ఉంచిందీ తనే. ఆ సంగతి అప్పుడు తట్టలేదు. తట్టినా ఒరిగేదేమీ లేదు, ఆ ఆసుపత్రి నుంచి ఎవరి గురించి వచ్చినా ఆ వాక్యమే వస్తుంది. వాక్యం తనదైతేనేం, అందులో ఉన్న పేరు అమ్మది. ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి. టీ కప్పు ఎక్కడ పెట్టిందో తర్వాత ఎంత తలుచుకున్నా గుర్తురాలేదు.

అమ్మకు ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. అమ్మ ఫోను మిషను సొరుగులో పడేస్తుంది, మిషను ఆడుతుంటే ఫోను మోత ఆమెకు వినపడదని ఇంట్లో రోజూ గొడవే. ఆ గొడవ కూడా అప్పుడు గుర్తురాలేదు. తమ్ముడికి చేసింది. వాడికి ఊరి చివర బళ్ళు బాగుచేసే గ్యారేజీ ఉంది.

"అమ్మని ఎమర్జెన్సీలో చేర్చారటరా."

"ఏమైంది?"

"తెలీదు. మా సైటు ఆసుపత్రి నుంచే మెసేజ్ వచ్చింది. నేను బయల్దేరుతున్నా."

అంతే, సంచి భుజాన వేసుకుని పరుగెత్తింది. ఫోను బల్ల మీదే ఉండిపోయింది. ఆటోలో కూర్చున్నాక చూసుకుంటే చేతులు ఖాళీగా ఉన్నాయి. వెనక్కి వెళ్ళే ఓపిక ఎవరికుంది.

ఆసుపత్రి అత్యవసర విభాగంలో కౌంటరు గుమస్తాకు అమ్మ పేరు చెప్పగానే అతను రోగి వివరాల కార్డు చూసి, "వచ్చారా, మీకోసమే చూస్తున్నారు," అన్నాడు. ఆ ఒక్క మాటతో ఆమెలో మిగిలిన కాస్త ఆశా ఆవిరైపోయింది. అంతదాకా మనసులో ఏ మూలో, వేరే ఎవరో అయ్యుంటారు, పొరపాటై ఉంటుంది అన్న చిన్న ఊహ ఉండింది. ఇప్పుడు కార్డు మీద అచ్చైన పేరు కళ్ళెదుట ఉంది. రోడ్డు దాటుతుంటే బండి గుద్దిందట, తలకు దెబ్బ తగిలిందట, స్కానింగ్ గదిలో ఉందట. గుమస్తా చెబుతుంటే ఆమెకు అతని పెదాలు కదలడం కనపడుతోంది గానీ మాటలు ఆలస్యంగా అందుతున్నాయి.

డాక్టరు వచ్చాడు. తొందరలో ఉన్న మనిషి.

"మీరావిడకేమవుతారు?"

"కూతుర్నండీ."

"తలలో రక్తం చేరింది, వెంటనే ఆపరేషన్ చెయ్యాలి. పాత జబ్బులేమైనా ఉన్నాయా? షుగరు, గుండె జబ్బు, అలాంటివి?"

"లేవండీ. బీపీకి ఒక మాత్ర వేసుకుంటుంది. అంతే."

"రక్తం పలచబడే మందులేమైనా వాడుతున్నారా?"

"లేదండీ," అంది. అమ్మ మందుల డబ్బా సర్దేది తనే కాబట్టి ఆ మాట ధైర్యంగానే చెప్పింది. ఎక్కడ చూపిస్తే అక్కడ సంతకం పెట్టింది.

అప్పుడే స్ట్రెచర్ మీద ఆవిడను తీసుకొచ్చారు. తలంతా కట్లు, మొహం వాచిపోయి కళ్ళు పూడుకుపోయాయి. మెడ దాకా దుప్పటి. అతుకులమ్మ పక్కన పరుగెత్తుతూ చెయ్యి పట్టుకుంది. "అమ్మా, నేను వచ్చేశాను," అంది. చెయ్యి వెచ్చగా ఉంది. చూపుడువేలు కొస తడిమింది, ఎందుకో తనకే తెలీదు. సూది పోట్లకు కాయలు కాచి గరగరలాడే వేలు అది, చిన్నప్పుడు బుగ్గ నిమిరితే గీసుకునేది. ఇప్పుడు మెత్తగా తగిలింది. వాపు వల్లనేమో అనుకుంది. స్ట్రెచర్ లోపలికి పోయింది, తలుపులు మూసుకున్నాయి.

"అమ్మడూ," అని వెనక నుంచి పిలుపు వినపడింది.

ఆ పేరుతో ఆమెను పిలిచేది లోకంలో ఒక్కరే. తిరిగి చూసింది. వరండా చివర తమ్ముడు, వాడి పక్కన అమ్మ. మెడలో టేపు వేలాడుతోంది, చీర మీద దారప్పోగులు అంటుకుని ఉన్నాయి. రెండు కాళ్ళ మీద నిలబడి ఉంది. అతుకులమ్మ కొయ్యబారిపోయింది. మూసుకున్న తలుపుల వైపు ఒకసారి, అమ్మ వైపు ఒకసారి చూసింది.

"నాకేమైందనే అలా ఏడుస్తున్నావు?" అంటూ అమ్మ వచ్చి మొహం తుడిచింది. గరుకు వేలు బుగ్గ మీద గీసుకుంది. అప్పుడు నమ్మింది, అమ్మను చుట్టేసుకుని బావురుమంది.

తమ్ముడి మొహం ఇంకా పాలిపోయే ఉంది. "ఎందుకైనా మంచిదని ముందు ఇంటికెళ్ళా. చూస్తే మిషను తొక్కుతా కూర్చునుంది. 'ఏంట్రా దెయ్యాన్ని చూసినట్టు చూస్తున్నావ్' అంది. నేను నిజంగా అదే అనుకున్నా. నీకు ఎన్నిసార్లు ఫోన్ చేశానో తెలుసా? ఎత్తవేం?"

"ఆఫీసులో వదిలేశా," అంది. నవ్వూ ఏడుపూ కలిసిపోయి వచ్చాయి. తమ్ముడూ నవ్వాడు. గోడకు చేరగిలబడ్డాడు.

అమ్మ మాత్రం నవ్వలేదు. తలుపు పక్కన నర్సు పెట్టిన ఫైలు చూస్తోంది. దాని మీద కార్డు అతికించి ఉంది. అమ్మ దగ్గరగా వంగి కూడబలుక్కుంటూ చదివింది.

"ఇది నా పేరే. ఇంటిపేరుతో సహా నాదే," అంది. "నేనిక్కడుంటే, ఆ లోపలికెళ్ళిందెవరే?"

అతుకులమ్మ నవ్వు ఆగిపోయింది. ఆ ప్రశ్న వెనకాలే ఇంకొకటి వచ్చి గుండెల్లో గుచ్చుకుంది. షుగరు లేదని చెప్పింది. గుండె జబ్బు లేదని చెప్పింది. రక్తం పలచబడే మందులు లేవని చెప్పింది. ఎవరికి లేవని? ఇదిగో, మెడలో టేపుతో నిలబడ్డ ఈ అమ్మకు.

తలుపుల మీద రెండు చేతులతో బాదింది. నర్సు గదమాయించినా ఆపలేదు. చివరికి మాస్కు దించుకుంటూ డాక్టరే బయటికి వచ్చాడు.

"నేను ఆవిడ కూతుర్ని కాదండీ."

"ఇందాక సంతకం పెట్టారు కదమ్మా."

"పెట్టాను. మా అమ్మే అనుకున్నాను. నేను చెప్పినవన్నీ మా అమ్మ జబ్బులు. మా అమ్మ ఇదిగో, ఇక్కడుంది."

డాక్టరు అమ్మను చూశాడు, ఫైలు మీది పేరు చూశాడు. అమ్మ చిన్నపిల్లలా చెయ్యెత్తి, "ఆ పేరు నాదేనండి," అంది. ఆయన ఎన్ని ఏళ్ళుగా ఆ పనిలో ఉన్నాడో గానీ, తాను అడిగినవాటికి ఇలాంటి జవాబు విని ఉండడు. తేరుకుని, "అయితే ఆవిడ గురించి నాకేమీ తెలియనట్టే. ఎక్కువసేపు ఆగలేను. ఎవరో ఏమిటో త్వరగా కనుక్కోండి," అన్నాడు.

ఆమె కౌంటరుకు పరుగెత్తింది. గుమస్తాకు విషయం చెప్పేసరికి అతనికి ముచ్చెమటలు పోశాయి.

"పేరు తెలీలేదండీ. స్పృహ లేదు, ఫోను నుజ్జయిపోయింది. సంచిలో భోజనం డబ్బా ఉంది, దాని మూత మీద ఒక నంబరు గీకి ఉంది. ఆ నంబరు ఎక్కించి పేరు ఖాళీగా వదిలేశాను. కాస్సేపటికి కార్డు మీద పేరు అచ్చయి వచ్చింది. నంబరును బట్టి కంప్యూటరే కనుక్కుందేమో అనుకున్నా. మెసేజ్ వెళ్ళినట్టు కూడా చూపించింది. ఆ వెంటనే మీరు కూతుర్నంటూ వచ్చారు. ఇంక నాకు అనుమానమెందుకొస్తుంది?"

అతని తప్పు ఆవగింజంత కూడా లేదని ఆమెకు అర్థమైంది. తాను రాసిన ఆ చిన్న ముక్క మొత్తం కళ్ళ ముందు కదిలింది. పేరు లేకపోతే నమూనా పేరు పెట్టమని రాసి ఉంటే ఏదో పోనీలే అనుకోవచ్చు. అలా రాయలేదు. పేరు లేకపోతే ఆ మనిషినంతటినీ తీసేసి, ఆ స్థానంలో నమూనా మనిషిని నంబరుతో సహా కూర్చోబెట్టమని రాసింది. సందేశానికీ కార్డుకీ వివరాలు అక్కడి నుంచే వెళ్తాయి. గుమస్తా ఎక్కించిన నంబరు లోపల ఎక్కడో అలాగే ఉంది, సందేశం మాత్రం దాని మొహం కూడా చూడలేదు. పేరు లేకపోతే మనిషే లేనట్టు రాసింది. అన్‌డిఫైన్డ్ అనే మాట వెళ్ళి ఉంటే ఎవరో నవ్వేవారు, ఎవరో ఏమిటని అడిగేవారు, ఈపాటికి ఎవరో వచ్చేవారు. నవ్వులపాలు కాకూడదనుకున్నందుకు ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చిందని తలుచుకుంటే ఆమెకు తనమీద తనకే అసహ్యం వేసింది.

కౌంటరు ఫోను లాక్కుని డబ్బా మీది నంబరుకు చేసింది. అవతల ఒక ఆడపిల్ల గొంతు, వెనకాల ఏవో యంత్రాల రొద.

"హలో, ఎవరండీ?"

అతుకులమ్మ నోరు తెరిచింది. అలవాటుగా తన వాక్యమే నోటి దాకా వచ్చి ఆగిపోయింది. ఆ వాక్యం పేరుతో మొదలవుతుంది. పేరు లేకుండా దాన్ని ఎక్కడ పట్టుకుని మొదలుపెట్టాలో ఆమెకు తెలియలేదు.

"అమ్మా, మీ ఇంట్లో భోజనం డబ్బా మూత మీద ఈ నంబరు గీకి ఉంటుందా?"

ఆ పిల్ల గొంతు మారిపోయింది. "అది మా అమ్మ డబ్బా. ఎక్కడపడితే అక్కడ మర్చిపోతుందని నేనే గీకాను. అమ్మకేమైంది?"

"దెబ్బ తగిలింది. ఉన్నారు, ప్రాణానికి ఇంకా ఏం కాలేదు. నేను ఆసుపత్రి నుంచి మాట్లాడుతున్నాను. ముందు ఇది చెప్పండి, మీ అమ్మగారు ఏం మందులు వాడతారు?"

"గుండెకి. రక్తం పలచబడ్డానికి రోజూ ఒక మాత్ర వేసుకుంటుంది. ఒక్క పూట కూడా మానదు."

డాక్టరు పక్కకు వచ్చి వింటున్నాడు. ఆ మాటకు ఆయన మొహంలో రంగు పోయింది. ఫోను అందుకుని మాత్ర పేరు అడిగాడు, ఇంకో రెండు ముక్కలు అడిగాడు, సరేనమ్మా మొదలుపెడుతున్నాను, మీరు బయల్దేరండి అని పెట్టేశాడు. "ఇది తెలీకుండా కత్తి పెట్టి ఉంటే రక్తం ఆపడం నా వల్ల అయ్యేది కాదు," అని అతుకులమ్మతో అని, నర్సులకు ఏవో పురమాయిస్తూ లోపలికి పరుగెత్తాడు.

తర్వాత అదే ఫోనులో ఆఫీసుకు చేసింది. నోరు ఎక్కువున్న సహోద్యోగే ఎత్తాడు.

"నేను రాసిన దాంట్లో నమూనా మనిషి ఉంది చూడు, దాన్ని ఇప్పుడే తీసేయ్. పేరు లేకపోతే 'పేరు తెలియని ఒకరిని చేర్చారు, మీ నంబరు వారి దగ్గర దొరికింది' అని వెళ్ళాలి. గుమస్తా ఎక్కించిన నంబరు జోలికి మాత్రం పోకు. ఎందుకో తర్వాత చెప్తా."

ఏదో ఒకటి అంటాడనుకుంది. వాడు, "ఇప్పుడే తీసేస్తున్నా. మీ అమ్మగారెలా ఉన్నారు?" అన్నాడు. ఆ ప్రశ్నకు ఆమెకు మళ్ళీ ఏడుపొచ్చింది.

ముగ్గురూ థియేటరు బయట బల్ల మీద కూర్చున్నారు. ఇంటికి వెళ్దామని ఎవరూ అనలేదు. జరిగిందంతా విన్నాక అమ్మ అడిగింది.

"నా పేరెందుకు పెట్టావే అందులో?"

"వెతుక్కోనక్కర్లేదని. చేతికొచ్చేసింది."

"నేనే రోడ్డు మీద అలా పడిపోయుంటే?"

"అప్పుడు మాత్రం అంతా సవ్యంగా జరిగేదమ్మా. నీ పేరే వచ్చేది, మెసేజ్ నాకే వచ్చేది."

అన్నాక ఆ మాట తన చెవికే ఘోరంగా వినిపించింది. ఇంత ఊళ్ళో ఒక్క తన తల్లికి మాత్రమే సరిగ్గా పనిచేసేదాన్ని రాసి, దాన్ని ఊరందరి మీదికీ వదిలింది. అమ్మ ఆమె చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది.

ఆ పిల్ల వచ్చింది. ఏదో కార్ఖానా చొక్కా, చెవిలో రొద ఆపే దూది ఇంకా తియ్యలేదు, కాళ్ళకు చెరో రకం చెప్పు. అతుకులమ్మ లేచి ఎదురెళ్ళి జరిగిందంతా చెప్పింది, తన పేరు దాచుకోలేదు, తన పని దాచుకోలేదు. మీకు రావాల్సిన కబురు నాకు వచ్చింది, అది నా వల్లే, అంది. తిడుతుందని, కొట్టినా కొడుతుందని సిద్ధపడింది. ఆ పిల్ల కన్నార్పకుండా చూసింది.

"మా అమ్మ చెయ్యి పట్టుకున్నారా మీరు?"

"పట్టుకున్నాను."

"వెచ్చగా ఉందా?"

"ఉంది."

ఆ పిల్ల తలూపి బల్ల చివర కూర్చుంది. అమ్మ ఆమె చెవుల్లోంచి దూది తీసి పక్కన పెట్టింది.

పొద్దు వాలాక తలుపులు తెరుచుకుని థియేటరు నర్సు వచ్చింది. చేతిలో కార్డు చూసి గట్టిగా పేరు పిలిచింది. "ఈవిడ తాలూకు ఎవరు?"

ఆ పిల్ల కదల్లేదు. ఆ పేరు ఆమె ఎరిగినది కాదు, వేరే ఎవరినో పిలుస్తున్నారనుకుంది. కంప్యూటరులో దిద్దారు గానీ, ఫైలుతో పాటు రోగి వెంట వెళ్ళిన కార్డు దిద్దాలని ఎవరికీ తోచలేదు. అమ్మే లేచింది. తన పేరు కదా, పిలుపు వినగానే లేచి, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని లేపింది.

"లే తల్లీ. నిన్నే పిలుస్తున్నారు."

"మీరేమవుతారు?" అంది నర్సు.

"కూతుర్ని," అంది ఆ పిల్ల.

"ఆపరేషన్ బాగా జరిగింది. ఇప్పుడే తెలివొచ్చింది. కాకపోతే పేరడిగితే వేరే ఏదో చెబుతున్నారు. తలకి దెబ్బ కదా, కంగారు పడకండి, మెల్లగా గుర్తొస్తుంది."

"ఏం పేరు చెబుతోంది?" అంది ఆ పిల్ల.

నర్సు చెప్పింది. ఆ పిల్ల, పక్కనున్న అతుకులమ్మ తల్లి భుజం మీద వాలిపోయి వెక్కి వెక్కి ఏడ్చింది.

"అదే," అంది. "మా అమ్మ పేరు అదే."